బావిలో దొరికిన పన్నుతో నాంపల్లికి

హైదరాబాదు వెళ్లొచ్చానని ఉత్తరం రాస్తే మా తెనాలి బంధువులంతా చార్మినార్ ఎలా ఉందని అడిగారు. చార్మినార్ నేను చూడలేదు. మూడు రోజులు ఉండి, నాంపల్లికీ ఆబిడ్స్‌కీ మధ్య కాళ్లరిగేలా తిరిగి, ఒక పన్నుకు పేరు రాయించుకుని వచ్చాను. నవ్వేవాళ్లు నవ్వండి. మూడేళ్లుగా ఈ తెలంగాణ పల్లెలో పిల్లలకు సామాన్యశాస్త్రం చెబుతున్నాను గానీ, నేను శాస్త్రం నేర్చుకున్నది మాత్రం ఆ మూడు రోజుల్లోనే.

పన్ను సంగతి

మేముండే ఊరు గోదావరికి దగ్గర. ఏరు దగ్గరైతే నీళ్లు దగ్గరని అనుకోకండి. ఊరి చివర ఒక వాడ ఉంది. అక్కడి ఆడవాళ్లు మైలు దూరం నడిచి వాగులో చెలమ తోడి, కుండ నిండేదాకా కూర్చుని, మళ్లీ మైలు నడిచి రావాలి. అర్జీల మీద అర్జీలు పెట్టగా వాడకు బావి మంజూరైంది. తవ్వింది ఎల్లయ్య. చుట్టుపట్ల ఏ బావి చూసినా అతని చేతిదే. యాభై దాటిన మనిషి, గట్టివాడు, మాట తక్కువ. అతనికి ఒక పిచ్చి ఉంది. తవ్వకంలో వింత రాయి గాని, రాయిలా మారిన నత్తగుల్ల గాని దొరికితే పారెయ్యడు. ఇంట్లో ఒక గూడు నిండా అవే.

నీళ్లు ఊరడం మొదలైన రోజునే తట్టలో పన్ను వచ్చింది. కోడిగుడ్డంత దవడ పన్ను, ముదురు బెల్లం రంగు, రాయంత బరువు. ఎల్లయ్య మురిసిపోయి నలుగురికీ చూపించాడు. అదే తప్పైంది. వెనకటి యుగాల్లో మనుషులు తాటిచెట్టంత ఉండేవాళ్లు కాబట్టి ఇది వాళ్లలో ఒకడి పన్నేనని, కాబట్టి బావి పడ్డది పాత శ్మశానంలోనని వాడ తీర్మానించేసింది. శ్మశానంలో ఊరిన నీళ్లు ఎవరు తాగుతారు? బావిలో నీళ్లు నిండుతున్నాయి, ఆడవాళ్లు వాగుకే పోతున్నారు. ఎల్లయ్య బావి చుట్టూ పిచ్చివాడిలా తిరుగుతున్నాడు. ఇన్నేళ్లలో అతను తవ్విన బావిని మనుషులు వద్దనడం అదే మొదటిసారి.

వాడలో మాట చెల్లేది రాజవ్వకు. ఆమెకు డెబ్బై ఏళ్లుంటాయి, మంత్రసాని. నేను వెళ్లి అది మనిషి పన్ను కాదని వాదిస్తే, ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నీకెట్ల ఎరుక సారూ? నువ్వు జూసినవా? పట్నంల పెద్ద సదువుకున్నోళ్లుంటరు గద, మనిషిది కాదని మొహరేసి రాసియ్యమను. గప్పుడు జూద్దాం."

"ముద్ర వేయించి మరీ రాయించుకొస్తాను" అన్నాను. నోరు జారడంలో మా వంశానికి పెద్ద పేరుంది.

నాంపల్లి స్టేషను ఎదుట

పన్నుతో పాటు నా వెంట బయలుదేరిన ఎల్లయ్య రైలు దిగి మొట్టమొదట అడిగిన ప్రశ్న, "ఇంతమందికి నీళ్లు ఏడికెల్లి వస్తయి సారూ?" అని. నేను సూట్‌కేసు సర్దుకున్నాను. పన్ను అతని దగ్గరే, గోనెగుడ్డలో చుట్టి రొండిన దోపుకున్నాడు. ఎవరైనా తగిలితే చెయ్యి అక్కడికే పోయేది.

స్టేషను ఎదుట సరాయిలో దిగాం. గది చవక, నల్లులు ఉచితం. పొద్దున్నే మూల మీదున్న ఇరానీ హోటలుకు వెళ్లాం. నాకు కాఫీ పడనిదే తెల్లవారదు. కాఫీ అడిగితే బేరరు జాలిగా చూసి చాయ్ తెచ్చాడు. పాలు గంటలు గంటలు మరిగించి పోసిన చాయ్, చిక్కగా ఉంది, తీపీ ఉప్పూ కలిసిన బిస్కెట్లతో తింటే బాగానే ఉంది. మా వైపు టీ అంటే జ్వరం వచ్చినవాడు తాగేది. రెండో కప్పు తాగాక మా వైపు వాళ్లకేం తెలుసు అనిపించింది.

ఎల్లయ్య మాత్రం కూర్చోలేదు. పాలరాతి బల్ల పక్కన నిలబడ్డాడు. "కూర్చో" అంటే గుమ్మం వైపు చూశాడు. మా ఊరి హోటల్లో అతనికి గ్లాసు వేరు, తాగేది బయట అరుగు కింద. ఇక్కడ బేరరు ఇద్దరికీ ఒకే రకం కప్పూ సాసరూ బల్ల మీద టకటకా పెట్టి, "బైఠో చాచా" అని వెళ్లిపోయాడు. ఎల్లయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు.

"గీడ ఎవ్వలు ఏమడగరా సారూ?"

"అడగరు."

మూడు కప్పులు తాగాడు. మూడేళ్లుగా ఒకే ఊళ్లో ఉంటూ, అతనితో ఒకే బల్ల దగ్గర కూర్చోవడం నాకూ అదే మొదటిసారి.

బాగే ఆం

పాత వస్తువులు చూసేవాళ్లు బాగే ఆం తోటలో ఉంటారని ఎవరో చెబితే నడిచాం. మంచి తోట, పచ్చిక మీద జనం మధ్యాహ్నం పూటే నిద్రలు పోతున్నారు. విగ్రహాలున్న భవనంలో ఒక ముసలి అటెండరు పన్ను చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"మా కాడ దేవుళ్లున్నరు, పైసలున్నయి, కత్తులున్నయి. పండ్లు లేవు" అన్నాడు మర్యాదగానే. "మనిషిదా కాదా అనే గద మీ ఫికర్? మరి పండ్ల డాక్టర్ దగ్గరికి పోవాలె. ఆబిడ్స్‌ల చీనా డాక్టరున్నడు, నా పండ్లు ఆయనే కట్టిండు." అంటూ పై వరస మొత్తం ఊడదీసి చూపించాడు.

ఎల్లయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. నాకు మాత్రం, ఈ సంగతి ఊళ్లోనే ఎందుకు తట్టలేదా అని సిగ్గేసింది. పన్ను సంగతి పళ్ల డాక్టరుకు గాక ఎవరికి తెలుస్తుంది!

చీనా డాక్టరు

ఆబిడ్స్ అంటే దుకాణాలు, అద్దాల వెనక కోట్లు తొడుక్కున్న బొమ్మలు, సినిమా పోస్టర్లు, జనరల్ పోస్టాఫీసు ముందు అర్జీలు రాసేవాళ్లు. ఒక చేతిరుమాలు ధర అడిగి మళ్లీ అక్కడే పెట్టేశాను. ఆ డబ్బుతో మా ఊళ్లో రెండు రోజుల కూరలు వస్తాయి. డాక్టరు దుకాణం సులువుగానే దొరికింది. బోర్డు మీద ఎర్రటి చిగుళ్లతో గుమ్మమంత పళ్లవరస గీసి ఉంది. కిందనున్న అద్దాల బీరువాలో సీసా నిండా పీకిన పళ్లు. ఎల్లయ్య ఆ సీసా ముందు చాలాసేపు నిలబడ్డాడు. తోటి సేకరణదారుడి మీద గౌరవం కాబోలు.

లోపల కుర్చీలో ఒకాయన నోరు తెరుచుకుని ఉన్నాడు. నోటి నిండా దూది. డాక్టరు పొట్టిగా తెల్లగా ఉన్నాడు, చీనా ముఖమే, మాట మాత్రం అచ్చంగా హైదరాబాదుది. నేను సంగతి చెప్పగానే కుర్చీలో ఆయన్ని అలాగే వదిలేసి మా పన్ను అందుకున్నాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, సున్నంతో పోసిన ఒక మనిషి దవడ పక్కన పెట్టి చూశాడు.

"మనిషిది కాదు జీ. చూడుండ్రి, మనిషి పన్ను అరుగుతే గిట్ల అరగదు. గీ మీదున్న ఆకుల లెక్క గీతలు మనకు రావు. ఎంత పెద్ద మనిషైనా, రాక్షసుడైనా, పన్ను రకం మారదు."

"ఆ మాటే కాగితం మీద రాసి మొహర వేస్తారా?"

"నా మొహర మనుషుల నోళ్లకే చెల్లుతది. ఇది ఏ జంతువుదో, ఏ జానవర్‌దో చెప్పేటోడు వేరే ఉంటడు. ఏడున్నడో నాకు ఎరుక లేదు."

అప్పుడు కుర్చీలో ఆయన "ఊఁ! ఊఁ!" అని చేతులు ఊపడం మొదలుపెట్టాడు. నొప్పేమోనని డాక్టరు పరుగెత్తాడు. ఆయన తల అడ్డంగా తిప్పి, జేబులోంచి పెన్సిలు తీసి, నా చేతిలో ఉన్న రైలు టైంటేబిలు అట్ట మీద రాశాడు. భూగర్భ పరిశీలన చేసే ఒక ఆఫీసు అడ్రసు. నాంపల్లిలో, మా సరాయి వెనక సందులోనే! ఆయన ఆ ఆఫీసున్న మేడలోనే కింది భాగంలో గుమాస్తాట. పొద్దుటి నుంచి మేము ఆ సందు మీదుగానే రెండుసార్లు నడిచాం.

డాక్టరు ఫీజు వద్దన్నాడు. ఎల్లయ్య ఊరుకోలేదు. బొడ్లోంచి రాయిగా మారిన నత్తగుల్ల ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరు దాన్ని తీసుకెళ్లి పళ్ల సీసా పక్కన నిలబెట్టాడు.

మేడ మీద ఆఫీసు

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. పాత నవాబుల కాలం మేడ, మెట్లు అరిగి గుంటలు పడ్డాయి. పై గదిలో ఆఫీసరు గారు పాన్ నములుతూ రాళ్ల మధ్య కూర్చున్నారు. పన్ను చూడగానే పాన్ ఉమ్మేసి, కూజాలో నీళ్లతో నోరు పుక్కిలించి శుభ్రంగా తుడుచుకున్నారు. మర్యాద గల మనిషి అనుకున్నాను. మరుక్షణం పన్ను మొదలును నాలుక మీద పెట్టుకున్నారు.

ఎల్లయ్య "అయ్యయ్యో!" అని కేకేశాడు. మా ఊళ్లో ఆ పన్ను తగిలిన నీళ్లే ముట్టడం లేదు. ఈయన పన్నునే నాకుతున్నాడు! ఇంట్లో ఎంగిలి చెంచా వేరే పెట్టే మా అమ్మ గనక చూసి ఉంటే ఆ మెట్లు మళ్లీ ఎక్కనిచ్చేది కాదు.

"నాలుకకు అంటుకుంటోంది" అన్నారాయన తృప్తిగా. "మామూలు రాయి అంటుకోదు మాస్టర్ సాబ్. పాతబడ్డ ఎముక గుల్లగా ఉండి తడి పీలుస్తుంది. ఇది అసలైనదే." తర్వాత భూతద్దం పెట్టి చూసి ఒక్కసారిగా ముఖం ముడుచుకున్నారు. "ఇదేంటి, ఇంత తళతళలాడుతోంది? దీన్ని ఎవరైనా కడిగారా?"

ఎల్లయ్య తల దించుకున్నాడు. "నా పెండ్లాం సారూ. పట్నం పెద్దసారు కాడికి పోతుంది, మురికితోని పోతదా అని, చింతపండేసి, ఇటుక పొడేసి తోమింది. ఇత్తడి చెంబు తోమినట్లు."

ఆఫీసరు రెండు చేతులతో తల పట్టుకున్నారు. "అరె భాయ్, ఆ మట్టే కదా దీని అడ్రసు! ఏ పొరలోంచి వచ్చిందో తెలియకపోతే ఇది ఎప్పటిదని రాయను? పైనుంచి జారిపడ్డ నిన్నటి పన్నో, నిజంగా అడుగు పొరదో నేనెలా చెప్పేది? నోటితో అయితే చెబుతాను గానీ, మొహర వేసి మాత్రం రాయలేను."

రాజవ్వకు నోటిమాట పనికిరాదు. ఇంత దూరం వచ్చి చింతపండు దగ్గర ఓడిపోయామనుకున్నాను. సైన్సు మాస్టారినై ఉండి నేను పక్కనే నిలబడి, ఆ తోమడం చూసి, "బాగా మెరుస్తోందమ్మా" అని మెచ్చుకున్నాను కూడా.

ఎల్లయ్య నెమ్మదిగా భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచాడు. దాని అంచు పొడవునా చిన్న చిన్న ముడులున్నాయి. చిరుగులకు కట్టుకున్నాడని నేను అంతవరకూ అనుకున్నాను. ఒక్కొక్క ముడీ విప్పాడు. ప్రతి దాంట్లోనూ చిటికెడు మన్ను.

"నేను ఏ బాయి తవ్వినా మన్ను మారినకాడల్లా ఒక ముడేస్త సారూ. మా నాయన నేర్పిండు. పక్కపొంటి ఇంకో బాయి తవ్వేటప్పుడు ఏడ నీళ్లు పడుతయో గీ ముడులే జెప్తయి." వేలితో చూపిస్తూ పోయాడు. "ఇది నల్లరేగడి, ఏడు మూరలు. ఇది సున్నపు గుండ్ల మన్ను, ఆరు మూరలు. ఇది పసుపు ఇసుక. ఇగో, గీ ఆఖరు ముడి, గులకరాళ్లు, అంటుకొని గట్టిగుంటయి. పన్ను గీండ్లనే ఉండె. గునపంతోని నేనే పెకిలించిన, పైకెల్లి పడ్డది కాదు."

ఆఫీసరు గారు కుర్చీలోంచి లేచి నేల మీద కూర్చున్నారు. పన్ను మొదట్లో ఉన్న గుంతలో సూది పెట్టి తవ్వితే, చింతపండు చేరని చోట గోరంత గులక మన్ను బయటికొచ్చింది. దాన్ని ఆఖరి ముడిలో మన్ను పక్కన పెట్టి భూతద్దంలోంచి చూశారు. రెండూ ఒకటే.

"పదేళ్లుగా పెద్ద పెద్ద చదువుల వాళ్లు నాకు పళ్లూ ఎముకలూ తెచ్చిస్తున్నారు. ఒక్కడూ ఇలా మట్టి తేలేదు" అన్నారు. ఎల్లయ్యను 'మీరు' అన్నారు. "మీరు రాసుకుంటారా ఇవి?"

"నాకు రాసుడు రాదు సారూ. అందుకే ముడులు."

ఆయన బీరువాలోంచి బొమ్మల పుస్తకం తీసి ఒక పుట చూపించారు. పీపాలాంటి ఒళ్లు, గుహలాంటి నోరు. నీటిగుర్రం. ఇప్పుడు మన దేశంలో అడవుల్లో ఎక్కడా లేదు గానీ, ఒకప్పుడు మన నదుల్లో ఉండేదట. "ఒక్క పన్నుతో ఒట్టేసి చెప్పలేను, బహుశా అదే. మనిషిది మాత్రం కాదు. ఎన్ని వేల ఏళ్ల కిందటిదో చెప్పలేను. మీ ఊరు అప్పటికి లేదు."

ఇంగ్లీషులో టైపు చేయించి ఊదారంగు మొహర వేశారు. కింద తెలుగులో కూడా రాయమన్నాను. తాను ఉర్దూలో చదువుకున్నానని, తెలుగు రాత పిల్లల రాతలా ఉంటుందని సిగ్గుపడ్డారు. నేను రాస్తే కింద సంతకం చేశారు. పన్నును మాత్రం అక్కడే ఉంచుకుంటామన్నారు. ఎల్లయ్య దాన్ని ఒకసారి చేతిలో తిప్పి చూసుకుని ఇచ్చేశాడు. "మాకు నీళ్లు కావాలె సారూ, పన్నెందుకు" అన్నాడు.

బేగం బజార్

కాగితం జేబులో పడ్డాక ఆకలి తెలిసింది. అఫ్జల్‌గంజ్ దగ్గర పూరీలు తిని బేగం బజార్‌కు వెళ్లాం. బావికి ఇనుప గిలక కొనాలని ఎల్లయ్య ఊళ్లో బయలుదేరేటప్పటి నుంచీ అంటున్నాడు. మిరపకాయల ఘాటుకు తుమ్ములు తుమ్ముతూ, బస్తాల బండ్లను తప్పించుకుంటూ ఇనుప సామాన్ల దుకాణం పట్టుకున్నాం. గిలక చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు, బాగుంది. మళ్లీ కింద పెట్టేశాడు.

"ఏం ఎల్లయ్యా?"

"సారూ, కుక్క పడి సస్తే బాయి మొత్తం తోడిపోస్తం గద. గీ కాయితంల ఏమున్నది? జానవర్ అని ఉన్నది. సచ్చిన జానవర్. మనిషి కాకపోతే మంచిగ తాగుతరా? రాజవ్వ అడుగుతే ఏం జెప్తవు?"

మూడు రోజులుగా మనిషిది కాదు, మనిషిది కాదు అంటూ తిరిగామే గాని, ఇద్దరిలో ఒక్కరికీ ఆ మాట తట్టలేదు. పన్నును ఆఫీసరు నాలుక మీద పెట్టుకున్న సంగతి చెబుదామన్నాను. "పట్నపోళ్లు ఏమన్న తింటరు అంటది" అన్నాడు ఎల్లయ్య. నిజమే, అంటుంది.

గిలక నేనే కొన్నాను. తిరుగు రైల్లో ఇద్దరం దాన్ని మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం.

వాడ

మర్నాడు పొద్దెక్కాక బావి దగ్గర అందరూ చేరారు. నేను కాగితం చదివాను. మొహర చేతులు మారింది. ఆఫీసరు పన్ను నాకిన వైనం చెబితే పిల్లలు కిందపడి నవ్వారు, పెద్దలు ముఖాలు చిట్లించారు. ఎల్లయ్య భయపడ్డ ప్రశ్న వెంటనే వచ్చింది, జనంలోంచి ఎవరో అడిగారు. సచ్చిన జానవర్ బాయిల ఉన్నట్టే గదా?

నేను రాజవ్వ వైపు చూశాను. ఆమె కాగితం చదవలేకపోయినా రెండు చేతులతో పట్టుకుని చూస్తోంది.

"గది సచ్చిననాడు మనూరున్నదా సారూ?"

"లేదు."

"ఇండ్లు? మనుషులు?"

"ఊరే లేదని ఆఫీసరు గారు చెప్పారు."

"మరి ఊరే లేని నాడు సచ్చిందానికి ఊరికి మైల ఏంది?" అని జనం వైపు తిరిగింది. "దానికి దినాలు జేసేటోళ్లున్నరా? చుట్టాలున్నరా? మైల చుట్టాలకు గద అంటేది! గా లెక్కన జూస్తే భూమ్మీద ఏం సావని జాగ ఉన్నదా?"

ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎవరూ ముందుకూ రాలేదు. ఎల్లయ్య గిలక బిగించి చేద వేశాడు. నీళ్లు పైకొచ్చాయి. రాజవ్వ తన ఇత్తడి చెంబు ముంచి, తాను తాగకుండా నా ముందు పట్టింది.

"కాయితం తెచ్చినోనివి, ముందు నువ్వు తాగు."

నా చెయ్యి లేవలేదు. ఒక్క క్షణమే. ఆ క్షణం నన్ను ఆపింది పన్ను కాదు. మూడేళ్లలో ఆ వాడ గడపల్లో పాఠాలు చెప్పాను, అర్జీలు రాశాను, ఒక్క గుక్క మంచినీళ్లు తాగలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. వాడంతా నా చేతి వైపే చూస్తోంది. నాకు ముఖం కందిపోయింది. మైల గురించి వీళ్లకు చెప్పడానికి పట్నం దాకా వెళ్లొచ్చాను నేను!

చెంబు రెండు చేతులా అందుకుని గటగటా తాగాను. గొంతు మీదుగా చొక్కాలోకి కారాయి.

"ఎట్లున్నయి?" అంది రాజవ్వ.

"జర సున్నం రుచి ఉన్నది. చల్లగ మంచిగున్నయి" అన్నాను, నాకొచ్చిన వాళ్ల భాషలో. ఆమె పళ్లులేని నోటితో నవ్వి, అదే చెంబు ముంచుకుని తాగింది. ఎల్లయ్య చేదతాడు పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు, కళ్లు తుడుచుకోవడం మాకు కనబడకూడదని.

నేను ఇంకో చెంబు నింపుకుని ఆ సంతోషంలో గట్టు మీదే నిలబడిపోయాను. వెనక నుంచి చంకలో కుండ పెట్టుకున్న ఒక అమ్మాయి మోచేత్తో పొడిచింది.

"తాగినవు గద సారూ, ఇగ జరుగు. ఎనక ఎంతమంది ఉన్నరో జూడు."